విశాఖ ఎయిర్‌పోర్టులో ఫ్లైట్‌కీ ఫ్లైట్‌కీ మధ్య ఖాళీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక ఫ్లైట్ దిగారు, ఇంకో ఫ్లైట్‌కి ఐదారు గంటలుంది. విశాఖలో ఎయిర్‌పోర్టు ఊరికి దూరమేమీ కాదు. ఆర్కే బీచ్ 13–14 కిలోమీటర్లు, రైల్వే స్టేషన్ అందులో సగం. ఇక్కడ ఇబ్బంది దూరంతో కాదు, వేళలతో. బీచ్‌లోని సబ్‌మెరైన్ మ్యూజియం మధ్యాహ్నం దాకా తెరవరు, గుళ్లో నివేదన వేళ దర్శనం ఆపుతారు, సాయంత్రం అయితే ఎయిర్‌పోర్టు దారిలోని ఎన్ఏడీ కొత్త రోడ్డు కూడలి దగ్గర బండి కదలదు. కింది జవాబులన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

ఎన్ని గంటల ఖాళీ ఉంటే బయటికి రావచ్చు?

రెండూ దేశీయ ఫ్లైట్లే, చేతిలో ఒక్క క్యాబిన్ బ్యాగే అనుకుందాం. నాలుగు గంటల లోపు అయితే టెర్మినల్ వదలొద్దు. వెళ్లి రావడానికే గంటన్నర, తిరిగి సెక్యూరిటీకి గంటన్నర పోతే మిగిలేది బీచ్‌లో టీ తాగే సమయం. ఐదు నుంచి ఆరు గంటలుంటే ఒక చోటు, ఒక భోజనం. ఏడెనిమిది గంటలకు రెండు చోట్లు. మూడో చోటు పెట్టుకున్నవాళ్లు సాధారణంగా మూడూ సరిగ్గా చూడరు.

సమయం లెక్క ఎలా వేసుకోవాలి?

వెనక నుంచి వేసుకోండి. దిగిన వేళ నుంచి ముందుకు లెక్కేస్తే ఖాళీ చాలా ఉన్నట్టు కనిపిస్తుంది, అక్కడే దెబ్బ తింటారు.

ఉదాహరణకు మీ మొదటి ఫ్లైట్ ఉదయం 11:40కి దిగుతుంది, రెండోది సాయంత్రం 5:30కి. బోర్డింగ్ గేటు సాధారణంగా 25 నిమిషాల ముందు మూసేస్తారు, అంటే 5:05. గేటు కాడికి ఆఖరి నిమిషంలో పరుగెత్తకుండా ఉండాలంటే 4:00కి టెర్మినల్ గుమ్మం దగ్గర ఉండాలి. బీచ్ రోడ్డు నుంచి ఎయిర్‌పోర్టుకి మధ్యాహ్నం పూట 40–45 నిమిషాలు. క్యాబ్ దొరకడానికి, దారిలో ఏదైనా అయితే తట్టుకోడానికి మరో 15. కాబట్టి 3:00కి బీచ్‌లో బండి ఎక్కాలి. ఇటు వైపు, 11:40కి దిగితే బయటికి వచ్చేసరికి 12:05, బీచ్ వైపు చేరేసరికి 12:50. మీ చేతిలో నిజంగా ఉన్నది రెండు గంటల పది నిమిషాలు. సిరిపురం, డాబా గార్డెన్స్ ప్రాంతంలో 1:45 లోపు భోజనం ముగించి, 2:00కి సబ్‌మెరైన్ మ్యూజియం తలుపు తీసేసరికి అక్కడుండి, 2:40కి బయటపడితే ఇరవై నిమిషాలు సముద్రం చూడటానికి. టికెట్ మీద ఐదు గంటల యాభై నిమిషాలని కనిపించిన ఖాళీ ఇంతకు దిగుతుంది.

చెక్-ఇన్ చేయాల్సిన లగేజీ ఉంటే ఇందులోంచి ఇంకో అరగంట తీసేయండి. దేశీయ ఫ్లైట్లకు ఎక్కువ ఎయిర్‌లైన్స్ కౌంటర్ 60 నిమిషాల ముందే కట్టేస్తాయి. ఆ తర్వాత ఎంత బతిమాలినా బ్యాగు తీసుకోరు.

నా పెద్ద బ్యాగు దానంతట అదే రెండో ఫ్లైట్‌లోకి వెళ్తుందా?

రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే, మొదటి ఊళ్లో కౌంటర్ దగ్గర బ్యాగుకి చివరి గమ్యం దాకా ట్యాగ్ వేస్తారు. వేశారో లేదో ట్యాగ్ మీద మూడక్షరాల కోడ్ చూసి నిర్ధారించుకోండి. విశాఖ కోడ్ వీటీజెడ్. మీ ట్యాగ్ మీద చివరి ఊరి కోడ్ కాకుండా అదే ఉంటే బ్యాగు ఇక్కడే బెల్టు మీదికి వస్తుంది. విడివిడిగా కొన్న టికెట్లయితే, ఎయిర్‌లైన్ ఒకటే అయినా, బ్యాగు తీసుకుని మళ్లీ అప్పగించాల్సిందే అనుకుని బయల్దేరండి.

విదేశం నుంచి విశాఖలో దిగి దేశీయ ఫ్లైట్ ఎక్కేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. దేశంలో మొదట అడుగుపెట్టిన చోటే ఇమిగ్రేషన్, కస్టమ్స్ ముగించుకుని, బ్యాగు తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. దీనికి గంట నుంచి గంటన్నర పక్కన పెట్టాక మిగిలిందే మీ ఖాళీ.

సామాను ఎక్కడ పెట్టి తిరగాలి?

అందరూ మొదట రైల్వే స్టేషన్ క్లోక్ రూమ్ అంటారు. అక్కడ రైలు టికెట్ అడుగుతారు. తాళం లేని బ్యాగు అసలు తీసుకోరు. ఫ్లైట్ టికెట్ పట్టుకుని వెళ్తే ఆటో ఖర్చు దండగ. ద్వారకా బస్‌స్టేషన్, అంటే ఊళ్లో అందరూ కాంప్లెక్స్ అనే చోట, లగేజీ గది గురించి అడిగి చూడొచ్చు. కానీ అది ఎయిర్‌పోర్టు నుంచి దాదాపు 10 కిలోమీటర్లు లోపలికి. మీ దారిలో పడితేనే లాభం.

ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటే అన్నిటికన్నా తేలిక పని గంటల లెక్కన క్యాబ్ మాట్లాడుకోవడం. యాప్‌లలో 4 గంటలు 40 కిలోమీటర్లు, 8 గంటలు 80 కిలోమీటర్లు అనే ప్యాకేజీలు మామూలే. సామాను డిక్కీలో ఉంటుంది, తిరుగు ప్రయాణానికి బండి వెతుక్కునే బెంగ ఉండదు. బండి నంబరు ఫొటో తీసుకోండి. ల్యాప్‌టాప్, మందులు, నగలు, పవర్ బ్యాంకు మాత్రం మీ భుజానే ఉండాలి.

సిటీ బస్సులో వెళ్లొచ్చా?

చేతి సంచి ఒకటే ఉంటే హాయిగా. టెర్మినల్ నుంచి హైవే మీదికి వస్తే గాజువాక వైపు నుంచి కాంప్లెక్స్‌కీ, మద్దిలపాలేనికీ పోయే బస్సులు దొరుకుతాయి. ఎక్కే ముందు ‘ఎన్ఏడీ మీదుగా కాంప్లెక్స్‌కేనా’ అని కండక్టర్ని అడగండి, బోర్డు మీద ఆఖరి స్టాపు ఒక్కటే రాసి ఉంటుంది. కాంప్లెక్స్ నుంచి బీచ్‌కి ఆటో చాలు. కైలాసగిరికి 10కె. సింహాచలం వెళ్లాలంటే కాంప్లెక్స్ దాకా పోనక్కర్లేదు, ఎన్ఏడీలో దిగి గోపాలపట్నం వైపు మారాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఉండే మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆధార్ లాంటి చిరునామా ఉన్న కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. తిరుగు ప్రయాణంలో మాత్రం బస్సును నమ్ముకోవద్దు. వచ్చేటప్పుడు ఆలస్యమైతే పది నిమిషాలు పోతాయి, వెళ్లేటప్పుడు ఆలస్యమైతే ఫ్లైటే పోతుంది.

రోడ్డు ఎప్పుడు జామ్ అవుతుంది?

ఉదయం 8:30 నుంచి 10:30, సాయంత్రం 5:30 నుంచి 8:30. ఎన్ఏడీ దగ్గర ఫ్లైఓవర్ వచ్చాక పైన వెళ్లే బండ్లు సాఫీగానే పోతున్నాయి. కింద దిగి కంచరపాలెం వైపు తిరిగేవాళ్లకే తిప్పలు. అటు గురుద్వారా జంక్షన్, ఆసిల్‌మెట్ట, మద్దిలపాలెం ఒకదాని తర్వాత ఒకటి నెమ్మది చేస్తాయి. కాన్వెంట్ జంక్షన్ మీదుగా పాత ఊరి దారి మ్యాప్‌లో పొట్టిగా కనిపిస్తుంది, పోర్టు లారీల వరస అడ్డం పడితే ఆ పొట్టితనం ఏమీ మిగలదు. సాయంత్రం ఆరున్నర ఫ్లైటు ఉన్నవాళ్లకు అసలు సమస్య రాదు, రోడ్లు నిండకముందే వెళ్లిపోతారు. ఎనిమిదిన్నర ఫ్లైటు వాళ్లే జాగ్రత్త పడాలి. సరిగ్గా ఆ రద్దీలోనే వెనక్కి రావాలి గనక ప్రయాణానికి గంటంపావు పెట్టుకోండి.

ఒక్కటే చూడగలం అంటే ఏది చూడాలి?

మధ్యాహ్నం రెండు దాటాక ఖాళీ ఉంటే కురుసుర సబ్‌మెరైన్. ఉదయం పూటైతే సింహాచలం. ఇంతకన్నా తటపటాయించే పని లేదు.

కురుసుర లోపల ఏముంటుంది? ఎంతసేపు పడుతుంది?

ఐఎన్ఎస్ కురుసుర సోవియట్ యూనియన్‌లో కట్టిన జలాంతర్గామి. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరిలో విరమించింది, 2002లో బీచ్ ఇసుక మీద మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్ల పైచిలుకు. అంత పొడవున్న ఇనుప గొట్టంలో మనిషి నడిచే దారి మాత్రం ఒక్కరికే సరిపోతుంది. ఎదురు రావడం ఉండదు, వెనక్కి తిరగడం ఉండదు. ఒక కొసన ఎక్కి ఇంకో కొసన దిగాలి. గదికీ గదికీ మధ్య గుండ్రటి ఇనుప ద్వారాలుంటాయి, గడప మోకాలి ఎత్తులో ఉంటుంది. తల ముందు పెట్టినవాళ్లకు నుదురు బొప్పి కడుతుంది. ఒక చేత్తో పైన పట్టుకుని, ముందు కాలు వేసి, తర్వాత నడుము వంచి, ఆఖర్న తల. టార్పెడో గొట్టాలు, పడక అరలు, వంటగది, సోనార్ గది చూసుకుంటూ నెమ్మదిగా నడిస్తే 30–40 నిమిషాలు. భుజాన పెద్ద బ్యాక్‌ప్యాక్ ఉంటే మీకూ వెనకవాళ్లకూ నరకమే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఇరుకు చోట్లంటే గుండె దడ ఉన్నవాళ్లు బయటి నుంచి చూడటం మేలు.

వాళ్లకు రోడ్డు దాటితే టీయూ-142 విమానం ఉంది. సముద్రం మీద జలాంతర్గాముల్ని వెతకడానికి వాడిన నాలుగు టర్బోప్రాప్ ఇంజన్ల భారీ విమానం. 2017 డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ మ్యూజియం ప్రారంభించారు. వెతికేదీ వెతకబడేదీ ఎదురెదురుగా ఉండటం ఇక్కడి తమాషా. రెండూ కలిపి చూస్తే గంటన్నర.

మంగళవారం నుంచి శనివారం దాకా మధ్యాహ్నం 2 తర్వాతే తెరుస్తారనుకుని లెక్క వేసుకోండి. ఆదివారం పొద్దున్న కూడా ఉంటుంది గానీ సాయంత్రం క్యూ రోడ్డు దాకా వస్తుంది. సోమవారం సెలవు.

సింహాచలం దర్శనం అయి తిరిగి రాగలమా?

ఎయిర్‌పోర్టు నుంచి బీచ్ కన్నా సింహాచలమే దగ్గర, ఈ మాట పైఊరివాళ్లు నమ్మరు. ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండ కింది దాకా అరగంట. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు పైకి మీ క్యాబే వెళ్తుంది, లేదంటే కింద దేవస్థానం బస్సు ఎక్కొచ్చు. మెట్ల దారి వెయ్యికి దగ్గర, ఫ్లైట్ ఉన్న రోజు దాని జోలికి పోవద్దు.

వరాహ లక్ష్మీనృసింహస్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే. మామూలు రోజున ఉదయం 9 గంటలకు పైకి చేరితే టికెట్ దర్శనం గంట లోపు అయిపోతుంది. శనివారం, సెలవు రోజుల్లో రెండు గంటలు అనుకోండి. మధ్యాహ్నం నివేదన వేళ దర్శనం ఆపుతారు, 11:30 ప్రాంతంలో క్యూలో చేరితే ఆ విరామం అంతా నిలబడే గడుస్తుంది. ఫోన్లు లోపలికి వద్దంటారు. కౌంటర్లో పెట్టే ముందు క్యాబ్ డ్రైవర్ నంబరు కాగితం మీద రాసుకోండి, బయటికొచ్చాక ఫోన్ కౌంటర్ దగ్గర ఇంకో క్యూ ఉంటే అప్పుడు ఉపయోగపడుతుంది. లోపల తూర్పు గాంగుల కాలపు 13వ శతాబ్దపు చెక్కడాలున్నాయి, కప్పస్తంభం ఉంది. దాన్ని ఆలింగనం చేసుకునేవాళ్ల వరస పొడుగ్గా ఉంటే దణ్ణం పెట్టి కదలండి. పులిహోర ప్రసాదం మాత్రం వదలొద్దు.

రెండు రోజులు ఈ ఆలోచనే మానుకోండి: నిజరూప దర్శనం ఉండే చందనోత్సవం నాడు, ఆషాఢ పౌర్ణమికి జరిగే గిరి ప్రదక్షిణ నాడు. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు. ఆ రోజున ఊరి నుంచి ఎయిర్‌పోర్టుకి రావడానికే అదనంగా గంట కావాలి.

సోమవారం దిగాం. ఇప్పుడేం చేయాలి?

సబ్‌మెరైన్, టీయూ-142, జూ మూడూ మూతే. సింహాచలం తెరిచే ఉంటుంది. పాత ఊళ్లో రాస్ హిల్ ఎక్కితే పోర్టు నోరు, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, వచ్చే పోయే ఓడలు ఒక్క చూపులో కనిపిస్తాయి. ఆ వరసలోనే చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి మూడు కొండల మీద ఉన్నాయి. గంటన్నరలో చూసేయొచ్చు, ఎయిర్‌పోర్టు నుంచి బీచ్ కన్నా కొంచెం దగ్గర కూడా.

తెల్లవారుజామున దిగితే?

అదృష్టవంతులు. ఆర్కే బీచ్ దగ్గర ఉదయం 5:30 నుంచి 7:30 దాకా వాహనాలు ఆపేసి రోడ్డంతా నడిచేవాళ్లకు వదిలేస్తారు. క్యాబ్‌ని పాండురంగాపురం పైనే ఆపి దిగువకు నడవండి. సూర్యోదయం సముద్రంలోంచే. ఆ వేళ ఎయిర్‌పోర్టు నుంచి అరగంట కూడా పట్టదు. 7:30కి టిఫిన్ చేసి 8:15 లోపు వెనక్కి బయల్దేరితే రద్దీ మీకు తగలదు.

కైలాసగిరి, రుషికొండ?

కైలాసగిరి ఎయిర్‌పోర్టు నుంచి 17–18 కిలోమీటర్లు. శివపార్వతుల విగ్రహాలు, చుట్టూ తిరిగే చిన్న రైలు, వంపు తిరిగిన తీరం కనిపించే చోట్లు. పిల్లలుంటే సబ్‌మెరైన్ కన్నా ఇదే నయం. రోప్‌వే గాలి గట్టిగా వీస్తే ఆగుతుంది, దాని మీద ఆశ పెట్టుకోకుండా రోడ్డు దారినే ఎక్కండి. రుషికొండ ఇంకో ఐదారు కిలోమీటర్లు ముందుకు. ఏడు గంటల ఖాళీ లేనిదే అక్కడిదాకా వద్దు, చీకటి పడ్డాక అక్కడ క్యాబ్‌లు తక్కువ దొరుకుతాయి.

అరకు వెళ్లి రావచ్చా?

కుదరదు. 115 కిలోమీటర్లు, సగం ఘాట్ రోడ్డు. రైలైతే పొద్దున్న ఏడు లోపే బయల్దేరి నాలుగు గంటలు పడుతుంది. ఆశగా ఉంటే అరకు కాఫీ పొడి కొనుక్కుని వెళ్లండి.

సముద్రంలో దిగొచ్చా?

ఆర్కే బీచ్‌లో పాదాలు తడుపుకోండి, మోకాళ్లు దాటొద్దు. తీరం ఒక్కసారిగా లోతవుతుంది, అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లు కూడా ఇక్కడ మునిగారు. దిగి తీరాలంటే రుషికొండ. శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది, బట్టలు మార్చుకునే గదులు, స్నానాల ఏర్పాటు ఉన్నాయి. తడి బట్టలు వేరే కవర్లో కట్టండి. ఉప్పు ఒంటితో రెండు గంటల ఫ్లైట్ అంటే పక్క సీటువాళ్లకు కూడా శిక్షే.

ఏం తినాలి?

పొద్దునైతే పెసరట్టు ఉప్మా. మధ్యాహ్నం భోజనానికి ద్వారకానగర్, సిరిపురం, డాబా గార్డెన్స్ చాలు, బీచ్ రోడ్డు మీద వెతకొద్దు. సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్: మరమరాలు, పల్లీలు, తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, కారం, పైన నిమ్మకాయ పిండి డబ్బాలో గలగలా కలిపి పొట్లంలో పోస్తారు. పొట్లం చేతికొచ్చిన ఐదు నిమిషాల్లో తినేయాలి, తర్వాత మరమరాలు మెత్తబడతాయి. ‘కారం తగ్గించు గురూ’ అని కలపక ముందే చెప్పాలి. టమాటా బజ్జీలో మిక్చర్ కూరి ఇచ్చేది కూడా ఇక్కడి వాడుకే. ఫ్లైట్‌కి రెండు గంటల ముందు పచ్చి ఉల్లి, మిరప బజ్జీ పడని పొట్టలు దూరంగా ఉండండి.

ఏం కొనొచ్చు? సెక్యూరిటీ దగ్గర ఏది ఆగుతుంది?

మాడుగుల హల్వా: గోధుమ పాలు, నెయ్యి, చక్కెరతో చేసేది, రోజుల తరబడి నిలవుంటుంది. సీలు వేసిన డబ్బా తీసుకోండి. ఏటికొప్పాక లక్క బొమ్మలు అంకుడు కర్రతో చేస్తారు, 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. బరువుండవు, పగలవు, లేపాక్షి షోరూంలో దొరుకుతాయి. ఆవకాయ, నెయ్యి చేతి సంచిలో పెడితే ఎక్స్‌రే దగ్గర ఆపే అవకాశం ఎక్కువ, చెక్-ఇన్ బ్యాగులో రెండు కవర్లు చుట్టి పెట్టండి. ఎండు కొబ్బరి మాత్రం దానికి తిరకాసు: నూనె ఎక్కువ, అంటుకునే గుణం ఉందని చెక్-ఇన్ లగేజీలో నిషేధించారు. పవర్ బ్యాంకు కూడా చెక్-ఇన్‌లో కూడదు. ఎండు చేపలు ఎంత కట్టినా వాసన దాగదు. ఆ సాహసం రైలుకి ఉంచుకోండి.

రాత్రంతా ఖాళీ ఉంటే?

ఎనిమిది గంటలు దాటితే గది తీసుకోవడమే మంచిది. తెల్లవారి ఫ్లైట్‌కి ఎన్ఏడీ, గాజువాక వైపు లాడ్జీలు వీలు, బీచ్ వ్యూ గదికి కట్టిన డబ్బు చీకట్లో దండగ. బుక్ చేసే ముందు చెకౌట్ 24 గంటల పద్ధతా, మధ్యాహ్నం 12 పద్ధతా అడగండి. రాత్రి పదకొండుకి దిగి మర్నాడు మధ్యాహ్నం దాకా ఉండేవాళ్లకు రెండో పద్ధతిలో ఒక్కోసారి రెండు రోజుల అద్దె పడుతుంది.

రెండో ఫ్లైట్ ఆలస్యమైందని మెసేజ్ వచ్చింది. ఇంకాసేపు ఊళ్లో ఉండొచ్చా?

ఉండొద్దు. రెండు గంటలన్న ఆలస్యం గంటకు తగ్గడం కూడా జరుగుతుంది, చెక్-ఇన్ మూసే వేళ మారిందని మెసేజ్‌లో రాసి ఉంటే తప్ప పాత వేళనే పట్టుకోండి. పైగా మీ హక్కులన్నీ వేళకి చెక్-ఇన్ చేసినవాళ్లకే. పౌర విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం రెండున్నర గంటల లోపు ప్రయాణముండే ఫ్లైట్ రెండు గంటలు ఆలస్యమైతే తినడానికి, తాగడానికి ఎయిర్‌లైన్ ఇవ్వాలి. దేశీయ ఫ్లైట్ ఆరు గంటలు దాటి ఆలస్యమైతే వేరే ఫ్లైటో, పూర్తి డబ్బు వాపసో మీరు కోరుకోవచ్చు. మొదటి ఫ్లైటే లేటయి రెండోది తప్పిపోతే, ఒకే పీఎన్ఆర్ అయితే ఎయిర్‌లైన్ చూసుకుంటుంది. వేర్వేరు టికెట్లయితే కొత్త టికెట్ ఖర్చు మీదే.

వాన, తుపాను కాలంలో?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినబడితే ఊళ్లోకి వెళ్లే ఆలోచన మానండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ టెర్మినల్ పైకప్పునే లేపేసింది. మామూలు వానలో ఫ్లైట్లు తిరుగుతాయి గానీ క్యాబ్‌లు దొరకవు, తిరుగు ప్రయాణానికి అరగంట కలపండి.

ఎయిర్‌పోర్టులో ఫొటోలు తీసుకోవచ్చా?

టెర్మినల్ లోపల మీ సెల్ఫీ సరే. రన్‌వే వైపు, విమానం కిటికీలోంచి వద్దు: ఇది నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగ స్థావరం, పౌర విమానాలకు అందులో చోటిచ్చారు. పాత ఊళ్లో, డాల్ఫిన్స్ నోస్ మీద కూడా నేవీ బోర్డు ఉన్న చోట ఫోన్ జేబులో పెట్టేయండి.

తిరిగి లోపలికి వెళ్లడానికి ఏం కావాలి?

రెండో ఫ్లైట్ టికెట్, ఒరిజినల్ ఫొటో గుర్తింపు కార్డు. బయటికి వచ్చే ముందే వెబ్ చెక్-ఇన్ చేసి బోర్డింగ్ పాస్ ఫోన్‌లో సేవ్ చేయండి, బీచ్‌లో ఫొటోలు తీసి చార్జింగ్ అయిపోయిన ఫోన్లే గుమ్మం దగ్గర ఎక్కువ కనిపిస్తాయి. విశాఖలో డిజీ యాత్ర, అంటే ముఖం చూపించి లోపలికి వెళ్లే పద్ధతి, ఉంది. కాకపోతే యాప్‌లో ఆధార్ నమోదు, బోర్డింగ్ పాస్ అప్‌లోడ్ ముందే అయి ఉండాలి, గుమ్మం ముందు నిలబడి మొదలుపెడితే మామూలు క్యూయే నయం.

టికెట్ మీద భోగాపురం అని ఉంటే?

పైన వేసిన దూరాలన్నీ ఎన్ఏడీ దగ్గరి ఎయిర్‌పోర్టు నుంచి. విజయనగరం జిల్లా భోగాపురంలో కట్టిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం నగరానికి 45 కిలోమీటర్ల దూరం. అక్కడ దిగితే ఈ లెక్కలు పనికిరావు: ఆర్కే బీచ్, సింహాచలం పక్కన పెట్టి భీమిలి చూసుకోండి. అక్కడ డచ్చివాళ్ల సమాధులు, గోస్తని సముద్రంలో కలిసే చోటు ఉన్నాయి. ఒక ఫ్లైట్ ఇక్కడ, ఇంకోటి అక్కడ ఉన్నట్టు టికెట్ కనిపిస్తే మధ్యలో ఊరు చూసే మాటే లేదు. రోడ్డు మీదే రెండు గంటలు పెట్టుకోండి.